మూతపడ్డ తవుడు నూనె ఫ్యాక్టరీ స్థలంలో కొత్త యూనిట్: ముందే మెరక తోలించకండి

మీ ప్రశ్న ఒకసారి క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతానండి, సమాధానం మొత్తం ఆ వివరాల మీదే నిలబడి ఉంది కాబట్టి. తణుకు, భీమవరం మధ్య కాలువ పక్కన 7 ఎకరాలు. ముందు రైసు మిల్లు, వెనక తవుడు నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు, పక్కన చిన్న రిఫైనరీ. అన్నీ మూతపడి పద్దెనిమిదేళ్లయింది. ఇప్పుడు బ్యాంకు వేలానికి పెట్టింది. మీరూ మీ బావగారూ కొని, రొయ్యల చెరువు నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తయారుచేసే ఫ్యాక్టరీ పెడదామనుకుంటున్నారు. పాత ఇనుము కాంట్రాక్టరు ఒకాయన నెలలో అంతా విప్పేసి, నేల చదును చేసి, ఎదురు డబ్బులిస్తానంటున్నాడు. ఆపైన బయటి మట్టితో 4 అడుగులు మెరక తోలించి షెడ్డు లేపితే వచ్చే సంక్రాంతికి ప్రొడక్షన్ మొదలెట్టొచ్చని మీ లెక్క. చివర్లో ఆ పొగగొట్టం ఉంచాలా, తీసేయాలా అని కూడా అడిగారు.

నేను సివిల్ ఇంజినీరుని. ముప్పై ఏళ్లలో ఎక్కువ భాగం పాత ఫ్యాక్టరీలు విప్పించడం, ఆ జాగాలోనే కొత్తవి కట్టించడం మీదే గడిచింది. మీ ఆలోచన నాకు నిజంగా నచ్చింది. మన డెల్టాలో ఎకరం మాగాణి పూడ్చి షెడ్డు వేస్తే ఆ ఎకరం మళ్లీ చేను కాదు. పాడుబడ్డ స్థలాన్ని బాగుచేసుకుని వాడుకుంటే ఒక్క చేను కూడా పోదు. అందుకే మీరు ఈ పని చెయ్యాలనే కోరుకుంటున్నాను. కానీ మీరు వేసుకున్న వరస మాత్రం తిరగెయ్యాలి. ఇనుము కాంట్రాక్టరుకి తాళాలివ్వడం, మెరక తోలించడం మీ లెక్కలో ముందున్నాయి. ఆ రెండూ చాలా వెనక్కి వెళ్లాలి.

మెరక సంగతి ముందు చెప్తాను. మన వైపు ఎవరు స్థలం కొన్నా మొదట చేసే పని టిప్పర్లు పిలవడం. ఇల్లు కట్టుకునే ఐదు సెంట్లలో అది సరే. 7 ఎకరాలంటే సుమారు 28,300 చదరపు మీటర్లు. 4 అడుగుల మెరకంటే గట్టిపడ్డాక 34,500 ఘనపు మీటర్లు. వదులు మట్టి లెక్కన ఇంకో ఐదో వంతు కలుపుకోండి. టిప్పరుకి 10 ఘనపు మీటర్లు వేసుకున్నా నాలుగు వేలకు పైగా ట్రిప్పులు. ఆ కాలువ గట్టు రోడ్డు మీద అన్ని బళ్లు తిరిగితే రోడ్డు ఏమవుతుందో, ఊరివాళ్లు మీ గురించి ఏమనుకుంటారో మీకే తెలుసు. దానికన్నా పెద్ద విషయం బరువు. 4 అడుగుల మట్టి చదరపు మీటరుకి 2 టన్నులకు పైనే ఉంటుంది. కింద ఉన్నది మన ఒండ్రు బంక. అది ఒక్కరోజులో దిగదు, నీళ్లు పిండుకుంటూ ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. మూడోది, మీ జాగా 4 అడుగులు లేస్తే ఇన్నాళ్లూ దాని మీద నిలిచిన వాననీళ్లన్నీ పక్క చేలలోకి పోతాయి. సార్వా నాట్లప్పుడు పక్క రైతు చేను మునిగితే ఆ తగాదా మీ ఫ్యాక్టరీ ఉన్నంత కాలం ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మెరక తోలిస్తే కింద ఏముందో ఇక ఎవరికీ కనబడదు. కనబడనంత మాత్రాన అది పోదు కదా.

అసలు కింద ఏముండొచ్చో చూద్దాం. తవుడులో నూటికి 15 నుంచి 20 పాళ్లు నూనె ఉంటుంది. గానుగతో అది పూర్తిగా రాదు. అందుకని హెక్సేన్ అనే పెట్రోలియం ద్రావకంలో తవుడు నానబెట్టి నూనె దింపుతారు, తర్వాత వేడిచేసి హెక్సేన్‌ని ఆవిరిగా తీసి మళ్లీ వాడతారు. ఎంత బాగా నడిపిన ప్లాంటులోనైనా కొంత కారుతుంది. పంపు సీళ్ల దగ్గర, ట్యాంకరు దింపుకునే చోట, భూమిలో పాతిన ట్యాంకుల అతుకుల దగ్గర ఇది ఎక్కువ. హెక్సేన్ నీళ్ల కన్నా తేలిక, అందుకని భూమిలోకి దిగి నీటిమట్టం మీద తేలుతుంది. ఇక్కడే మన డెల్టా ప్రత్యేకత ఉంది. వేసవిలో కాలువలు కట్టేస్తే భూమిలో నీరు దిగుతుంది, జూన్‌లో కాలువలు వదలగానే పైకి ఎక్కుతుంది. నీటితో పాటు పైన తేలే నూనె, ద్రావకం కూడా ఏటా ఎక్కుతూ దిగుతూ మట్టికి పూత పూసినట్టు పూసేస్తాయి. పద్దెనిమిదేళ్లు అలా పూసిన మట్టి మందం నాలుగైదు అడుగులు కూడా ఉండొచ్చు. పైనుంచి చూస్తే గడ్డి పచ్చగానే ఉంటుంది.

ఇవికాక రిఫైనరీ మడ్డి, కాస్టిక్ సోడా, ఆమ్లం, బాయిలరు ఊక బూడిద, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు, షెడ్డు మీది సిమెంటు రేకులు, పాత ఆవిరి పైపులకు చుట్టిన తెల్లటి పూత ఉంటాయి. పాత కూలింగ్ టవర్లలో తుప్పు పట్టకుండా క్రోమేటు మందులు కూడా వాడేవారు, ఆ తొట్టి అడుగు మట్టిలో క్రోమియం ఉందేమో పరీక్ష చేయించాలి. ఎప్పుడైనా వనస్పతి చేసి ఉంటే నికెల్ కూడా. ఇవన్నీ ఉన్నాయని కాదు, లేవని తేలేదాకా ఉన్నట్టే లెక్కపెట్టుకోవాలి.

ఏది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? నా అనుభవంలో అన్నిటికన్నా మంచి మ్యాపు అక్కడ పనిచేసిన మనుషులే. ఒకసారి ఇలాంటి జాగాలోనే మా సర్వే కుర్రాళ్లు గ్రిడ్ వేసి, సున్నం గీతలు గీసుకుని మట్టి నమూనాల కోసం బోర్లు వేస్తున్నారు. అంతకుముందు ఆ ప్లాంటులో బాయిలరు దగ్గర పనిచేసిన పెద్దాయన సైకిలు దిగి, కాసేపు చూసి, నా దగ్గరికొచ్చి అన్నాడు: "బాబూ, మీరు గీసిన చోట ఏం లేదండి. అదిగో ఆ కానుగ చెట్టు ఉంది చూశారూ, అది మేం వేసిందే. దాని కింద పెద్ద గొయ్యి. బూడిద రంగు మట్టంతా అందులోనే పోసేవోళ్లం." ఆ బూడిద రంగు మట్టి నూనె తెల్లబడటానికి వాడి పారేసిన బ్లీచింగ్ ఎర్త్. తవ్వితే అయిదడుగుల లోతున తగిలింది, చేత్తో పిసికితే వేళ్లకు జిడ్డు. సాయంత్రం కాస్త తీసి గట్టున పోగుపెట్టాం. తెల్లారి వెళ్తే ఆ పోగు మీద మంచు పడలేదు, పైనుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. చెయ్యి పెట్టబోతే పెద్దాయన పట్టుకుని ఆపాడు. ఆ మట్టిలో మిగిలిన నూనెకు గాలి తగిలితే తనంతట తనే వేడెక్కుతుంది, పెద్ద పోగైతే అంటుకుంటుంది కూడా. నీళ్లు చల్లి, పలచగా పరిపించి, మట్టి కలిపి చల్లార్చాం. పక్కనే అప్పుడే కోసిన దాళ్వా కుప్పలున్నాయి. ఆ పెద్దాయన రాకపోయి ఉంటే మేం ఆ గోతిని కనుక్కునేవాళ్లం కాదు, మెరక కింద అది అలాగే ఉండిపోయేది, ఏ పునాది గొయ్యి తవ్వినప్పుడో బయటపడేది.

అందుకే వేలం తేదీ లోపే మీ ఊళ్లో ఆ మిల్లులో పనిచేసిన నలుగురిని కలవండి. జీతం బకాయిలు అందక బాధతో ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్ల మాట పూర్తిగా వినండి, రోజు కూలీ ఇచ్చి జాగా అంతా తిప్పి చూపించమనండి. వాళ్లలో, వాళ్ల పిల్లల్లో పని తెలిసినవాళ్లకు కొత్త ఫ్యాక్టరీలో ముందు అవకాశం ఇస్తానని చెప్పి, ఇవ్వండి. ఆ ఊరికి మిల్లు కూతతోనే తెల్లారిన రోజులున్నాయి, అది ఆగిపోయిన బాధ ఇంకా ఉంటుంది.

ఇనుము కాంట్రాక్టరు విషయానికి వస్తే, ఆయన ఇస్తానన్న డబ్బు చూసి తాళాలివ్వకండి. సాల్వెంట్ ప్లాంటులో ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. నిండుగా ఉంటే లోపల గాలి ఉండదు. ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన జిడ్డు నుంచి ఆవిరి గాలితో కలుస్తుంది. హెక్సేన్ ఆవిరి గాలిలో నూటికి ఒక పాలు దాటితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆ ఆవిరి గాలికి మూడు రెట్లు బరువు. పైకి పోదు, గోతుల్లో, కేబుల్ కాలువల్లో, సంపుల్లో పేరుకుని కూర్చుంటుంది. నా కళ్ల ముందు జరిగింది చెప్తాను. చాలా ఏళ్ల కింద ఒకచోట పైపులు కోసే కుర్రాడు "పదేళ్లుగా ఖాళీగానే ఉందండి, ఏముంటుంది" అని గ్యాస్ కట్టరు అంటించాడు. పైపు అవతలి కొస పాతిన ట్యాంకుకి కలిసి ఉందని ఎవరికీ తెలియదు. ఒక్క చప్పుడు, నీలంగా ఒక మంట, అంతే. ప్రాణం దక్కింది గానీ రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. ఆ రోజు సైటు నా బాధ్యతే. అప్పటి నుంచి నా సైటులో గ్యాస్ మీటరు చూడకుండా, ఆ రోజు తేదీతో కాగితం మీద సంతకం లేకుండా కట్టరు వెలిగించనివ్వను.

ట్యాంకుల్లోకి మనుషులు దిగడం అంతకన్నా ఘోరం. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం మండలం జి.రాగంపేటలో ఒక నూనెల ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. మనకు అంత దూరం కూడా కాదు. మూసి ఉన్న తొట్టెలో నూనె, మడ్డి కుళ్లితే ఆక్సిజన్ తగ్గిపోతుంది. దిగినవాడు కేక వేసే లోపే పడిపోతాడు, వాణ్ని తీయడానికి ఇంకొకడు దిగుతాడు. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువ చూపిస్తే ఎవరూ దిగకూడదు. దిగితే నడుముకు తాడు, పైన ఆ తాడు కట్టే త్రిపాది (మూడు కాళ్ల స్టాండు), బయట కన్నార్పకుండా కాపలా ఒక మనిషి ఉండాలి. పాతిన పెట్రోలియం ట్యాంకుల్ని ఖాళీ చేసి, ఆవిరి తీసి, గ్యాస్ లేదని సర్టిఫికెట్ రాయించుకున్నాకే కొయ్యాలి. పాత లైసెన్సు పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) దగ్గర ఉంటుంది, అందులోని నక్షాలో ట్యాంకులు ఎన్నో, ఎక్కడో గీసి ఉంటాయి. ఆ నక్షా సంపాదించండి, అదొక్కటే సగం పని తగ్గిస్తుంది.

సిమెంటు రేకుల గురించి ఒక మాట. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టకుండా, నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి నిండు రేకుల్లాగే దించాలి. పశువుల పాకకని, కోళ్ల గూటికని ఊళ్లోవాళ్లు అడుగుతారు, దయచేసి ఇవ్వకండి. పైపుల చుట్టూ ఉన్న తెల్లటి పూత ఇంకా ప్రమాదం, ముట్టుకుంటేనే పొడిగా రాలుతుంది, తెలిసిన ఏజెన్సీ చేతే తీయించండి. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు కూడా అంతే. కీళ్ల నొప్పులకు రాసుకుంటామని సీసాల్లో పట్టుకెళ్లేవాళ్లని చూశాను. పాత ఆయిల్లో పీసీబీలనే క్లోరిన్ రసాయనాలుండే అవకాశం ఉంది, ఒళ్లు పట్టుకుంటే వదలని విషం అది. ల్యాబుకి పంపి తేలేదాకా సీలు వేసి ఉంచండి.

ఇప్పుడు నేల పరీక్ష. మీకు కుదిరితే ఏప్రిల్ ఆఖర్లో, కాలువలు కట్టేశాక, నీరు బాగా దిగి ఉన్నప్పుడు ఒకసారి, సెప్టెంబరులో చేలన్నీ నీళ్లతో ఉన్నప్పుడు ఇంకోసారి చెయ్యాలి. ఒక్కసారే చేస్తే ఆ పూత మందం తెలియదు. బోర్లు జాగా అంతా సమానంగా వేయించకండి. ట్యాంకుల చుట్టూ, దింపుకునే చోట, మడ్డి గుంట దగ్గర, బూడిద దిబ్బ కింద, కూలింగ్ టవరు పక్కన దగ్గర దగ్గరగా వేయించి, మిగతా చోట్ల పలచగా వేస్తే చాలు. జాగా బయట, ఎగువన ఒకటి తప్పనిసరిగా ఉండాలి, అసలు ఆ ప్రాంతపు మట్టి ఎలా ఉంటుందో పోల్చుకోడానికి. మట్టిలో పెట్రోలియం హైడ్రోకార్బన్లు, పీహెచ్, లోహాలు చూపించండి, నీటిలో వాటితో పాటు క్లోరైడు, సల్ఫేటు కూడా. ఆ చివరి రెండూ కాలుష్యం కోసం కాదు, మీ పునాది కాంక్రీటు కోసం. భీమవరం వైపు పోయేకొద్దీ భూమిలో నీరు ఉప్పగా ఉంటుందని మీకు తెలిసిందే. ల్యాబుకి ఎన్ఏబీఎల్ (ల్యాబుల ప్రమాణాలు చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉండాలి. సీసాలు నిండుగా నింపి, ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు పంపాలి. హెక్సేన్ లాంటిది ఎండలో రెండు గంటలుంటే ఎగిరిపోతుంది, రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది, మీరు మోసపోతారు.

వేలానికి ముందే ఈ పరీక్షకి బ్యాంకు అధికారిని రాతపూర్వకంగా అనుమతి అడగండి. కొందరు ఇస్తారు, కొందరు గేటు లోపలికి చూసుకోడానికి మాత్రమే రానిస్తారు. లోపల బోరు వేయనివ్వకపోతే కనీసం కాంపౌండు బయట, పల్లంవైపు రైతుని అడిగి అతని చేతిబోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఎందుకింత పట్టుపడుతున్నానంటే, ఈ వేలాల్లో ఆస్తిని ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా అని అమ్ముతారు. గెలిచిన రోజు గానీ మర్నాటి పనిరోజు లోపు గానీ నాలుగో వంతు కట్టాలి, ఖరారయ్యాక 15 రోజుల్లో మిగతాది. కొన్నాక మడ్డి గుంట బయటపడితే అది మీదే. కొనే ముందటి తేదీతో రిపోర్టు, ఫోటోలు మీ దగ్గరుంటే రేపు ఎవరైనా "ఇది మీ ఏరేటర్ల ఫ్యాక్టరీ చేసిందే" అంటే చూపించుకోవచ్చు. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, పాడుచేసినవాళ్ల దగ్గర ఖర్చు రాబట్టే ఏర్పాటు అందులో ఉంది. కానీ పాడుచేసినవాళ్లు దివాలా తీసి, గేటులో మీరు నిలబడి ఉంటే అధికారులు ముందు మాట్లాడేది మీతోనే.

కాగితాల్లో మిగతా సంగతులు త్వరగా చెప్పేస్తాను, లాయరు ఎలాగూ చూస్తారు. కరెంటు బకాయి ఎంతో డిస్కం నుంచి రాయించుకోండి. పాత యజమాని బకాయి కడితేనే కొత్త కనెక్షన్ అనే షరతు పెట్టొచ్చని 2023 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్ల వడ్డీతో కలిపి ఆ అంకె చూస్తే కొందరు వేలం నుంచే తప్పుకుంటారు. పీఎఫ్ బకాయిలూ అడగండి. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో (22ఏ) సర్వే నంబరు ఉందేమో చూడండి. రీసర్వే అయిన ఊరైతే పాత నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది, బ్యాంకు కాగితాల్లో పాతదే ఉంటుంది, రెండూ కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

కాలువ పక్క కాంపౌండు గోడ మాత్రం మీరే స్వయంగా సర్వేయరుతో కొలిపించండి. ఆ రోజుల్లో మిల్లులన్నీ కాలువ గట్టునే వెలిశాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగునీటికే కాదు, పడవలకు కూడా. ధాన్యం పడవలో వచ్చి మిల్లు మెట్ల దగ్గరే దిగేది. అలా కాలువ గట్టు మీదికి చిన్నగా గోడ జరిగిన మిల్లులు చాలా ఉన్నాయి. ఆ ముక్క ఇరిగేషన్ వాళ్లది. మీ ప్లానులో దాన్ని వాడుకోకండి, వదిలేసి లోపలికి గోడ కట్టుకోండి.

కాలువ విషయంలో ఒక్కటి మాత్రం మర్చిపోకండి. మన ఊళ్లలో కాలువ కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు, వేసవంతా ఊరు తాగేది ఆ నీళ్లే. మీరు పునాది గోతుల్లో, తొట్టెల్లో నిలిచిన నీరు తోడించినప్పుడు మోటారు గొట్టం కాలువలోకో బోదెలోకో వేస్తే ఆ నూనె నీళ్లు దిగువ ఊరి బిందెల్లోకి, పక్కనున్న వనామీ రొయ్యల చెరువుల్లోకి పోతాయి. రొయ్య నూనె వాసనకే ఉండదు, ఒక్క రాత్రిలో ఒక రైతు పంట మొత్తం పోతుంది. తోడిన నీరు ముందు మూడు అరల తొట్టిలో నిలబెట్టి, పైన తేలిన నూనె తీసి, పరీక్ష చేయించి, కాలుష్య నియంత్రణ బోర్డు చెప్పిన చోటికే వదలాలి. డ్రైనులోకే కదా అనుకోకండి, యనమదుర్రు డ్రైను ఇవాళ ఎంత పాడైపోయి ఉందో భీమవరం వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు.

శుభ్రం చేయడం మీరు భయపడేంత కష్టం కాకపోవచ్చు. హెక్సేన్, తవుడు నూనె రెండూ సూక్ష్మజీవులు తినగలిగేవే. మన వేడికి అవి బాగా పనిచేస్తాయి. కొంచెం తగిలిన మట్టిని గట్టి ప్లాస్టిక్ పట్టా మీద మూడు నాలుగు అడుగుల ఎత్తు వరసలుగా పోసి, ఊక, పశువుల ఎరువు, కాస్త యూరియా కలిపి, తేమ ఉంచి, వారానికోసారి జేసీబీతో తిరగేస్తే కొన్ని నెలల్లో చాలా వరకు దిగుతుంది. పైన టార్పాలిన్ ఉండాలి, వానకు కారకూడదు. బోర్డుకి చెప్పి, నెలనెలా నమూనా పంపి చెయ్యాలి. లోహాలున్న మట్టి, మడ్డి, ఆస్‌బెస్టాస్ దీనికి లొంగవు. వాటిని ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కగట్టి, 90 రోజులు మించి నిల్వ పెట్టకుండా, ఫారం 10 మ్యానిఫెస్టుతో (రవాణా పత్రం) విశాఖ దగ్గర పరవాడలోని టీఎస్‌డీఎఫ్‌కి, అంటే ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి పంపాలి. ఖర్చు టన్నుల లెక్కన ఉంటుంది, కాబట్టి మంచి మట్టిని, చెడ్డ మట్టిని తవ్వేటప్పుడే విడదీయించడానికి ప్రొక్లైన్ పక్కన తెలిసిన మనిషిని నిలబెట్టండి. భోపాల్‌లో పాత యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు అక్కణ్నుంచి కదలడానికి 2025 జనవరి దాకా పట్టింది, ప్రమాదం జరిగి నలభై ఏళ్లయ్యాక. అది తలుచుకుంటే చిన్న జాగాలో చిన్న మోతాదులోనే తీసేసుకోవడం ఎంత అదృష్టమో అనిపిస్తుంది.

ఊక బూడిద వేరు సంగతి. విషం కాదు, కానీ దాని మీద కట్టకూడదు. తేలిక, నీరు పీలుస్తుంది, బరువు పడితే నలుగుతుంది. పాత మిల్లుల్లో పల్లాలన్నీ దాంతోనే పూడ్చేవారు. నూనె తగలని బూడిదైతే ఇటుక బట్టీల వాళ్లు మట్టిలో కలుపుకోడానికి పట్టుకెళ్తారు. ఆ గుంటల్ని గ్రావెల్‌తో అడుగు అడుగు పొరలుగా దిమ్మిసా కొట్టించి పూడ్చండి.

ఇవన్నీ అయ్యాక కట్టడం. మొత్తం 7 ఎకరాలు కాకుండా షెడ్డు పడే మేర మాత్రమే ప్లింతు (ఫ్లోరు కింది మెరక) లేపండి. 40,000 చదరపు అడుగుల షెడ్డంటే ఎకరం లోపే. అంటే మీ నాలుగు వేల టిప్పర్లు ఐదారు వందలకు దిగుతాయి. ఎత్తు ఎంత అనేది 1986 వరదకీ 1996 తుపానుకీ ఆ ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దలు గోడ మీద చూపించిన గుర్తుని బట్టి నిర్ణయించండి. మిగతా జాగా పల్లంగానే ఉంచి, వాననీరు నిలిచే చెరువు ఒకటి, చెట్లు వేసుకోండి.

షెడ్డు స్తంభాలకు పైల్స్ (భూమిలోకి లోతుగా దించే కాంక్రీటు గుంజలు) వేస్తారు, అది అందరికీ తెలుసు. ఫ్లోరు మాత్రం అందరూ నిర్లక్ష్యం చేస్తారు. నేను పాలకొల్లు వైపు ఒక షెడ్డు చూశాను. స్తంభాలు వెంట్రుకవాసి కదల్లేదు. మధ్యలో ఫ్లోరు మూడేళ్లలో అరచెయ్యి మందం దిగింది. షట్టరు కింద నుంచి కప్పలు లోపలికి వస్తున్నాయి, మిషన్ల లెవెలు ప్రతి నెలా సరిచేయాల్సి వస్తోంది. మీరు ఏరేటర్ల ఫ్లోట్లు, రెక్కలు మీ దగ్గరే మోల్డింగ్ చేస్తానంటున్నారు. ఆ మిషన్లు బరువు, అదిరేవి. మోల్డింగ్ వరస కింద స్లాబుని కూడా పైల్స్ మీదే నిలబెట్టండి, అసెంబ్లీ, గోడౌను వైపు మామూలు ఫ్లోరు సరిపోతుంది. ఇనుము ఖర్చు కాస్త పెరుగుతుంది, తర్వాత పదేళ్లు నిద్రపడుతుంది. ప్రీ-ఇంజినీర్డ్ షెడ్డు (విడిభాగాలు ఫ్యాక్టరీలో చేసి తెచ్చి బిగించేది) తీసుకుంటే గాలి లెక్క అడిగి చూడండి. కట్టడాల మీద గాలి లెక్కకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకీ విజయవాడకీ సెకనుకు 50 మీటర్ల వేగం ఉంది, మీ జాగా వాటి మధ్యే. తీరానికి 60 కిలోమీటర్ల లోపల పరిశ్రమల షెడ్లకు 2015 సవరణ ప్రకారం 1.15 గుణకం కూడా వేయాలి. గాలి వేగం తక్కువుండే హైదరాబాదు లెక్కతో గీసిన డ్రాయింగు తెచ్చి ఇక్కడ నిలబెట్టిన షెడ్లు ఉన్నాయి.

ఒక్క మనవి. గాల్వనైజింగ్ గానీ ఎలక్ట్రోప్లేటింగ్ గానీ ఈ జాగాలో పెట్టకండి. ప్లేటింగ్ పెడితే మీ యూనిట్ ఎక్కువ కాలుష్యం చేసే రెడ్ క్యాటగిరీలోకి పోతుంది, ఫ్యాక్టరీ పెట్టడానికి బోర్డు ఇచ్చే అనుమతి (సీఎఫ్‌ఈ) కష్టమవుతుంది. అంతకన్నా ముఖ్యం, ఇంత కష్టపడి ఒక తరం వదిలిన విషం తీసి, ఇంకో తరానికి కొత్త విషం పెట్టినట్టవుతుంది. ఫ్రేములకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి, ఉప్పునీటి చెరువుల్లో ఎలాగూ అదే నిలబడుతుంది. పాత ఫ్యాక్టరీకి ఉన్న సీఎఫ్‌వో (నడపడానికి బోర్డు ఇచ్చే అనుమతి) మీకు పనికిరాదు. ఏరేటర్ల కోసం కొత్తగా సీఎఫ్‌ఈ తీసుకోవాలి.

సంక్రాంతి మాట మర్చిపోండి. ఈ ఏప్రిల్లో నేల చూపిస్తే, వచ్చే వేసవికి పాతిన ట్యాంకులు తీసి, మట్టి చక్కబెట్టి, ఆ తర్వాతి సంక్రాంతికి మొదటి ఏరేటరు తిరుగుతుంది. పరీక్షలో నికెలో క్రోమియమో జాగా అంతా పరుచుకుని ఉందని తేలితే మాత్రం వేలానికి వెళ్లకండి. బ్యాంకువాళ్లు ధర సగానికి తగ్గించినా వెళ్లకండి.

ఇక పొగగొట్టం. ఊరివాళ్లకు అది గుర్తు, మీకూ ఉంచాలని ఉందని రాసిన తీరులో కనిపిస్తోంది. ఉంచగలిగితే ఉంచండి. ముందు టోటల్ స్టేషను అనే సర్వే యంత్రంతో నిలువు చూపించండి, వంగి ఉంటే ఎంత వంగిందో ఆరు నెలల తేడాతో రెండుసార్లు కొలిపించండి. రెండో కొలత పెరిగితే అది ఇంకా కదులుతోందని అర్థం. పిడుగు కడ్డీ ఉందా, ఇటుకల మధ్య సున్నం పొడిగా రాలుతోందా, రావి మొక్క వేళ్లు లోపలికి దిగాయా చూడండి. పై మూడో వంతు దించి, కట్టు బిగించి, మిగతాది నిలబెట్టిన చోట్లు ఉన్నాయి. మొత్తం తీయాల్సి వస్తే మొదలు నరికి పడెయ్యనివ్వకండి, పక్కనే గట్టు రోడ్డూ కాలువా ఉన్నాయి. పరంజా కట్టి, పైనుంచి వరస వరస ఇటుకలు దింపించాలి. మసి తగలని బయటి ఇటుకలు గట్టివి, మీ గేటు స్తంభాలకు వస్తాయి. దాళ్వా కోతలు అయిపోయి, చేలల్లో మనుషులు లేని మే నెలలో పెట్టుకోండి ఆ పని.